రుయి కోస్టా ఆట, ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్చుగల్ ఫుట్‌బాల్ మాట ఎత్తితే మనలో చాలామందికి రొనాల్డో తప్ప ఇంకో పేరు వెంటనే తట్టదు. కాస్త పాతవాళ్లయితే ఫిగో అంటారు. ఆ ఫిగో పక్కనే 10 నంబర్ జెర్సీ వేసుకుని, సాక్సులు కిందికి జార్చుకుని, తల పైకెత్తి బంతి నడిపించిన మనిషి రుయి కోస్టా. అతని గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

రెండు ముక్కల్లో చెప్పండి, ఎవరీ రుయి కోస్టా?

1972 మార్చి 29న పుట్టిన లిస్బన్ మనిషి. అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. బెన్‌ఫికా, ఫియోరెంటినా, ఏసీ మిలాన్, మళ్లీ బెన్‌ఫికా: పెద్దయ్యాక ఆడిన క్లబ్బులు ఇవే, మొదట్లో ఒక ఏడాది ఫాతిమా అనే చిన్న క్లబ్బుకి అరువు వెళ్లడం మినహాయిస్తే. పోర్చుగల్ తరఫున 94 మ్యాచ్‌లు, 26 గోల్స్. అభిమానులు పెట్టుకున్న పేరు ‘మాయెస్ట్రో’. ఆట మానేసి చాలా ఏళ్లైనా వార్తల్లో ఉన్నాడు, ఎందుకంటే ఇప్పుడు అదే బెన్‌ఫికాకి అధ్యక్షుడు.

అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ అంటే అసలేం చేస్తాడు?

మధ్యలో ఆడేవాళ్లలో కొందరిది కాపలా పని, ఎదుటివాళ్ల దగ్గర బంతి లాక్కోవడం. కొందరు గ్రౌండంతా పరుగెత్తి ఈ చివరికీ ఆ చివరికీ బంతి చేరవేస్తారు. రుయి కోస్టా రకం వేరు. ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ నడుమ ఉండే ఇరుకు జాగాలో నిలబడి, బంతి అందగానే ఒక్క మలుపు తిరిగి, స్ట్రైకర్ పరుగు మొదలెట్టిన క్షణానికి అతని ముందు బంతి పెట్టాలి. ఇటలీవాళ్లు ఈ స్థానాన్ని ‘ట్రెక్వార్టిస్టా’ అంటారు. మామూలుగా 10 నంబర్ జెర్సీ వీళ్లదే.

ఇందులో ఒక చిక్కుంది. ఇలాంటి ఆటగాడికి కోచ్ జట్టులో ప్రత్యేకంగా చోటు కట్టాలి. అతను వెనక్కి వచ్చి కాపు కాయడు కాబట్టి ఆ పని ఇంకో ఇద్దరు చెయ్యాలి. 1990లలో ఇటలీలో చాలామంది కోచ్‌లు 4-4-2 పద్ధతికి (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) కట్టుబడిపోయి 10 నంబర్ వాళ్లను పక్కకో ముందుకో తోసేశారు. బాజ్జియో, జోలా లాంటి పేరున్న ఇటలీ ఆటగాళ్లకే ఆ తిప్పలు తప్పలేదు. ఆ కాలంలో రుయి కోస్టా తన అసలు స్థానంలోనే ఏడేళ్లు ఆడగలిగాడంటే ఫియోరెంటినా ఊరైన ఫ్లోరెన్స్‌లో అతనికి ఎంత విలువ ఇచ్చారో అర్థమవుతుంది.

చిన్నప్పుడు ఎలా మొదలైంది?

లిస్బన్‌ని ఆనుకుని ఉండే అమడోరాలో డమాయా అనే చోట పెరిగాడు. అక్కడి జిమ్నాసియో క్లబ్బులో ఇండోర్ ఫుట్‌బాల్ ఆడాడు. తర్వాత బెన్‌ఫికా ట్రయల్స్‌కి వెళ్తే, బెన్‌ఫికా పాత తరం మహా ఆటగాడు యూసేబియో పది నిమిషాలు చూసి చాలు, ఈ కుర్రాడు పనికొస్తాడన్నాడని కథ. ఈ పది నిమిషాల లెక్క ఎవరు కట్టారో గానీ, పోర్చుగల్‌లో ఆ కథ వినని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు. 1990–91లో ఫాతిమా క్లబ్బులో ఒక సీజన్ ఆడి తిరిగొచ్చాడు. ఆ సీజన్ ముగిసిన వేసవిలోనే దేశమంతా అతని పేరు తెలుసుకుంది.

ఆ వేసవిలో ఏం జరిగింది? ‘బంగారు తరం’ అంటారే, అదేనా?

అదే. 1991లో 20 ఏళ్లలోపు వాళ్ల ప్రపంచ కప్ పోర్చుగల్‌లోనే జరిగింది. కోచ్ కార్లోస్ కైరోష్. అంతకుముందు 1989లో రియాద్‌లో కూడా పోర్చుగల్ కుర్రాళ్లే గెలిచారు, కాబట్టి టైటిల్ నిలబెట్టుకోవాలన్న బరువు నెత్తిన ఉంది. జట్టులో ఫిగో, జువావ్ పింటో, జార్జ్ కోస్టా ఉన్నారు. జూన్ 30న లిస్బన్‌లోని లుజ్ స్టేడియంలో ఫైనల్, ఎదురుగా బ్రెజిల్. ఆ జట్టులో కుర్ర రాబర్టో కార్లోస్ కూడా ఉన్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు 1,27,000 మంది. కుర్రాళ్ల మ్యాచ్‌కి!

గోల్స్ లేకుండా 0–0తో ముగిసి పెనాల్టీలకు వెళ్లింది. పోర్చుగల్ 4–2తో గెలిచింది. గెలిపించిన ఆఖరి పెనాల్టీ కొట్టింది 19 ఏళ్ల రుయి కోస్టా. తను పెరిగిన క్లబ్బు సొంత స్టేడియంలో. ఈ తరానికి పేరు పెట్టినవాళ్లు బంగారం అని మరీ తొందరగా అనేశారేమోనని నాకొక అనుమానం. ఆ బరువు వాళ్లను పదమూడేళ్లు వెంటాడింది.

బెన్‌ఫికా నుంచి 1994లోనే ఎందుకు వెళ్లిపోయాడు?

డబ్బు. అతనిది కాదు, క్లబ్బుది. మూడు సీజన్లు పెద్ద జట్టులో ఆడాడు. 1993లో బోవిష్టాని 5–2తో ఓడించి పోర్చుగల్ కప్పు గెలిచారు, 1994లో లీగ్ గెలిచారు. ఆ లీగ్‌లోనే ఒక మ్యాచ్‌లో ఊరి శత్రువు స్పోర్టింగ్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే 6–3తో చిత్తు చేశారు. లిస్బన్‌లో ఎర్ర జెర్సీ వాళ్లు, అంటే బెన్‌ఫికా అభిమానులు, ఇప్పటికీ ఆ స్కోరు వల్లిస్తూ ఉంటారు. కానీ క్లబ్బు ఖజానా బాగా చితికిపోయి ఉంది. ఇటలీ నుంచి ఫియోరెంటినా మంచి ధరతో రాగానే అమ్మేశారు.

ఆ తర్వాత బెన్‌ఫికా మళ్లీ లీగ్ గెలవడానికి పదకొండేళ్లు పట్టింది. 2005లో గెలిచారు. అప్పటికి రుయి కోస్టా మిలాన్‌లో ఉన్నాడు.

ఫ్లోరెన్స్‌లో ఏడేళ్లు ఆడి లీగ్ ఎందుకు గెలవలేకపోయాడు?

ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే చెప్పాలి.

1994లో ఫియోరెంటినా అప్పుడే కింది డివిజన్ నుంచి పైకొచ్చిన జట్టు. కోచ్ క్లాడియో రానియెరి, ముందు అర్జెంటీనా స్ట్రైకర్ గాబ్రియెల్ బాటిస్టుటా. రుయి కోస్టా పాస్, బాటిస్టుటా షాట్: ఈ జంటే జట్టుకి ఆధారం. 1996లో ఇటాలియన్ కప్పు గెలిచారు, అదే ఏడాది సూపర్ కప్‌లో (లీగ్ విజేతకీ కప్పు విజేతకీ మధ్య జరిగే మ్యాచ్) లీగ్ చాంపియన్ మిలాన్‌ని వాళ్ల స్టేడియం శాన్ సిరోలోనే 2–1తో ఓడించారు. ఆ రెండు గోల్సూ బాటిస్టుటావే. మరుసటి సీజన్‌లో యూరప్ దేశాల కప్పు విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి బార్సిలోనా చేతిలో ఆగిపోయారు.

లీగ్‌కి అతి దగ్గరగా వచ్చింది 1998–99లో. కోచ్ ట్రపాట్టోని. సీజన్ సగం అయ్యేసరికి పట్టికలో మొదటి స్థానం వీళ్లదే. ఫిబ్రవరిలో బాటిస్టుటా మోకాలికి దెబ్బ తగిలింది. సరే, ఇంకో స్ట్రైకర్ ఉన్నాడుగా అనుకుంటే, ఆ బ్రెజిల్ ఆటగాడు ఎడ్ముండో సరిగ్గా అప్పుడే రియోలో కార్నివాల్‌కి వెళ్లిపోయాడు. గోల్స్ కొట్టేవాడు లేక జట్టు జారిపోయింది. చివరికి మూడో స్థానం, టైటిల్ మిలాన్‌ది. పాస్ ఇచ్చేవాడు ఎంత గొప్పవాడైనా అందుకునేవాడు మైదానంలో ఉండాలిగా.

ఆ మూడో స్థానంతో యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టి వెంబ్లీలో ఆర్సెనల్‌ని 1–0తో, సొంత ఊళ్లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 2–0తో ఓడించారు. 2000లో బాటిస్టుటా రోమాకి వెళ్లి, వెళ్లిన ఏడాదే లీగ్ గెలిచాడు. రుయి కోస్టా ఉండిపోయాడు, కెప్టెన్ అయ్యాడు, 2001లో పార్మాని ఓడించి ఇంకో ఇటాలియన్ కప్పు తెచ్చిపెట్టాడు. ఫియోరెంటినాకి ఇటలీ లీగ్‌లో 215 మ్యాచ్‌లు ఆడి 38 గోల్స్ కొట్టాడు.

బెన్‌ఫికా మీద గోల్ కొట్టి ఏడ్చాడంటారు, నిజమేనా?

నిజమే. 1996 వేసవిలో ఫియోరెంటినా లిస్బన్ వచ్చి బెన్‌ఫికాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడింది. గోల్ పడింది, కన్నీళ్లు ఆగలేదు. గోల్ తర్వాత సంబరం చేసుకోకపోవడం ఇప్పుడు అందరూ చేస్తున్న పనే, కొంతమందిది చూస్తే నటనలా ఉంటుంది కూడా. అతనిది అలా అనిపించదు.

2001లో మిలాన్‌కి ఎలా వెళ్లాడు?

ఫియోరెంటినా అప్పుల్లో మునిగిపోతోంది. ఆ వేసవిలో గోల్‌కీపర్ టోల్డోని ఇంటర్‌కి అమ్మారు, రుయి కోస్టాని మిలాన్‌కి. ధర 40 మిలియన్ యూరోలు దాటింది, ఆ రోజుల లెక్కలో చాలా పెద్ద మొత్తం. అయినా క్లబ్బు నిలబడలేదు. మరుసటి ఏడాదే దివాలా తీసి, కొత్త పేరుతో నాలుగో డివిజన్ నుంచి మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది.

అప్పుడు మిలాన్ కోచ్ ఫాతి తెరీమ్. అంతకుముందు ఫ్లోరెన్స్‌లో కూడా రుయి కోస్టాకి ఆయనే కోచ్. కానీ నవంబర్‌కల్లా తెరీమ్‌ని తీసేసి కార్లో ఆన్సెలోట్టిని తెచ్చారు.

మిలాన్‌లో బాగా ఆడాడా, లేదా? రెండు మాటలూ వినిపిస్తాయి.

రెండు మాటలకీ ఆధారం ఉంది. గెలిచిన కప్పులు చూస్తే మిలాన్ కాలమే గొప్పది: 2003లో చాంపియన్స్ లీగ్, ఇటాలియన్ కప్, యూరోపియన్ సూపర్ కప్, 2004లో లీగ్. 2003 మే 28న మాంచెస్టర్‌లో జువెంటస్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. అది 0–0గా సాగి పెనాల్టీల్లో 3–2తో తేలింది. ఆ ఆగస్టులో మొనాకోలో పోర్టో మీద సూపర్ కప్ గెలిపించిన షెవ్‌చెంకో హెడర్‌కి బంతి అందించింది ఇతనే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆండ్రియా పిర్లో మొదట 10 నంబర్ ఆటగాడే. రుయి కోస్టా, రివాల్డో ఉన్న జట్టులో అక్కడ ఖాళీ లేదు. ఆన్సెలోట్టి పిర్లోని డిఫెన్స్ ముందుకు దించి, అక్కణ్నుంచి ఆట నడిపించమన్నాడు. తర్వాత పిర్లో ఏమయ్యాడో మీకు తెలుసు.

ఇక రెండో మాట. 2003 వేసవిలో సావో పాలో నుంచి 21 ఏళ్ల కాకా వచ్చాడు. పరుగు, బలం, గోల్ కొట్టే నేర్పు, అన్నీ ఉన్నాయి. కొన్ని వారాల్లోనే మొదటి జట్టులో స్థానం కాకాది అయిపోయింది. రుయి కోస్టా ఎక్కువగా బెంచీ మీంచి వచ్చేవాడు. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో లివర్‌పూల్ మూడు గోల్స్ వెనక నుంచి లేచి సమం చేశాక, అదనపు సమయం చివర్లో గట్టూసో బదులు దిగాడు. అప్పటికి చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మిలాన్ పెనాల్టీల్లో ఓడింది.

అంత గొప్పవాడంటారు, గోల్స్ చూస్తే తక్కువే కదా?

మిలాన్‌కి అన్ని పోటీల్లో కలిపి 192 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 11 గోల్స్. ఈ అంకె చూసి ఇప్పటి కుర్రాళ్లు పెదవి విరుస్తారు. గోల్స్, అసిస్ట్‌ల పట్టిక పెట్టి ఆటగాళ్లను తూచే అలవాటు వచ్చాక రుయి కోస్టా లాంటివాళ్లకి అన్యాయమే జరుగుతోందని నా అభిప్రాయం. గోల్‌కి ముందు పాస్ లెక్కకొస్తుంది. దానికి ముందు ఇద్దరు డిఫెండర్లను ఒక్క మలుపుతో తప్పుదోవ పట్టించి దారి తెరిచిన పాస్ ఏ పట్టికలోనూ ఉండదు. కచేరీలో మృదంగం వాయించేవాడు ఎన్ని పాటలు పాడాడని అడిగినట్టుంటుంది ఈ లెక్క.

అలాగని అన్నీ వెనకేసుకు రాలేం. 10 నంబర్ ఆటగాడు ఐదేళ్లలో 11 గోల్సేనా అని మిలాన్ అభిమాని అడిగితే ఆ అడగడంలో తప్పు లేదు. కాకా వచ్చిన మొదటి సీజన్‌కీ ఇతని సీజన్లకీ ఉన్న తేడా అక్కడే తెలిసిపోయింది.

బెర్లిన్‌లో రెడ్ కార్డు గొడవేమిటి?

1997 సెప్టెంబర్ 6, ప్రపంచ కప్ అర్హత మ్యాచ్, జర్మనీ మీద వాళ్ల గడ్డ మీదే పోర్చుగల్ 1–0తో ముందుంది. రుయి కోస్టాని బయటికి పిలిచారు. అప్పటికే ఒక పసుపు కార్డు ఉంది. బయటికి నడిచే తీరు మరీ నెమ్మదిగా ఉందని, కావాలని సమయం తింటున్నాడని ఫ్రెంచ్ రిఫరీ మార్క్ బట్టా రెండో పసుపు కార్డు చూపించాడు. అంటే ఎరుపు. బదులు ఆటగాడు లోపలికి రావడానికి లేదు, జట్టు పది మందితో ఆడాలి. జర్మనీ సమం చేసింది. పోర్చుగల్ 1998 ప్రపంచ కప్‌కి వెళ్లలేదు.

ఒక్క కార్డు వల్లే పోయిందనడం మాత్రం అతి. ఆ గ్రూపులో వేరే చోట్ల కూడా పాయింట్లు పారేసుకున్నారు. అయినా పోర్చుగల్‌లో బట్టా పేరెత్తితే ఇప్పటికీ మాటలు వేడెక్కుతాయి.

యూరో 2000 అతని అత్యుత్తమ టోర్నమెంటా?

యూరో అంటే యూరప్ దేశాల జట్ల చాంపియన్‌షిప్. నా ఓటు 2000 నాటి దానికే. జూన్ 12న ఐండ్‌హోవెన్‌లో ఇంగ్లాండ్‌తో మ్యాచ్. 18వ నిమిషానికే 0–2. ఫిగో దూరం నుంచి ఒకటి పేల్చాడు. తర్వాత రుయి కోస్టా వేసిన క్రాస్‌ని జువావ్ పింటో గాల్లో వాలుతూ తలతో లోపలికి మళ్లించాడు. రెండో సగంలో డిఫెన్స్ నడుమ నుంచి రుయి కోస్టా జార్చిన బంతిని నూనో గోమెష్ గోల్ చేశాడు. 3–2. జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లి, ఫ్రాన్స్ చేతిలో ఓడింది: అబెల్ జావియర్ చేతికి బంతి తగిలిందని పెనాల్టీ, 117వ నిమిషంలో జిదాన్ గోల్డెన్ గోల్ (అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే ఆట ముగిసే పద్ధతి అప్పట్లో ఉండేది), అంతే. రిఫరీ మీద పడి గొడవ చేసినందుకు కొందరు పోర్చుగల్ ఆటగాళ్లకు నెలల తరబడి నిషేధం పడింది.

ప్రపంచ కప్ ఎన్నిసార్లు ఆడాడు?

ఒక్కసారి, 2002లో. అమెరికాతో 2–3, పోలండ్ మీద 4–0, కొరియాతో 0–1, ఇంటికి. పోలండ్ మీద నాలుగో గోల్ ఇతనిది. అంతకుమించి చెప్పుకోడానికేం లేదు.

యూరో 2004లో అతన్ని జట్టులోంచి తీసేశారా?

తీసేశారు, తిరిగొచ్చాడు కూడా. ఈ కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి.

టోర్నమెంట్ పోర్చుగల్‌లోనే. కోచ్ బ్రెజిల్‌కి ప్రపంచ కప్ గెలిపించి వచ్చిన లూయిజ్ ఫెలిపె స్కొలారి. బ్రెజిల్‌లో పుట్టి పోర్చుగల్ పౌరసత్వం తీసుకున్న డెకో అప్పుడే పోర్టోతో చాంపియన్స్ లీగ్ గెలిచి ఊపు మీదున్నాడు. అతనిదీ రుయి కోస్టా స్థానమే. జూన్ 12న గ్రీస్‌తో మొదటి మ్యాచ్‌లో స్కొలారి పాతవాణ్ణే నమ్ముకున్నాడు. సగం ఆటకల్లా జట్టు వెనకబడింది, రుయి కోస్టాని కూర్చోబెట్టి డెకోని దింపాడు. 1–2తో ఓడారు. రెండో మ్యాచ్ నుంచి డెకోయే.

ముప్పై రెండేళ్ల వయసు, సొంత దేశంలో టోర్నమెంట్, కొత్తవాడికి చోటిచ్చి బెంచీ మీద కూర్చోవాలి. చాలామంది అలిగేవాళ్లు. ఇతను రష్యా మీద ఆఖర్లో దిగి, రొనాల్డో పంపిన బంతిని గోల్ చేశాడు.

జూన్ 24న క్వార్టర్ ఫైనల్, మళ్లీ ఇంగ్లాండ్, లుజ్ స్టేడియంలో. మన గడియారంలో అర్ధరాత్రి దాటాక మొదలైంది కాబట్టి ఇక్కడ చూసినవాళ్లు తక్కువే. 79వ నిమిషంలో రైట్ బ్యాక్ మిగెల్‌ని తీసి రుయి కోస్టాని దింపారు. అదనపు సమయంలో 110వ నిమిషం: మధ్యలో బంతి అందుకుని, ఎదుటివాణ్ణి ఒరుసుకుంటూ ముందుకు సాగి, పెనాల్టీ బాక్స్ అంచు దగ్గర నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్ కిందికి తగిలి లోపల పడింది. 2–1. ఐదు నిమిషాల్లో ఇంగ్లాండ్ ఆటగాడు లాంపార్డ్ సమం చేశాడు.

పెనాల్టీల్లో రుయి కోస్టా బంతిని బార్ మీంచి కొట్టాడు! 1991లో అదే క్లబ్బు పాత స్టేడియంలో దేశాన్ని గెలిపించిన పెనాల్టీ ఇతనిదే కదా. గోల్‌కీపర్ రికార్డో కాపాడాడు. చేతి తొడుగులు తీసేసి ఇంగ్లాండ్ ఆటగాడు వాసెల్ షాట్ ఆపి, తనే వెళ్లి ఆఖరిది కొట్టాడు. 6–5.

జూలై 4న ఫైనల్లో మళ్లీ గ్రీస్. 57వ నిమిషంలో ఖరిస్తెయాస్ తలతో గోల్ కొట్టాడు, మూడు నిమిషాలకి రుయి కోస్టా దిగాడు. 0–1గానే ముగిసింది. దేశం తరఫున అదే చివరి మ్యాచ్.

అయితే క్రిస్టియానో రొనాల్డోతో కలిసి ఆడాడన్నమాట.

ఒక ఏడాది పాటు. రొనాల్డో 2003 ఆగస్టులో జాతీయ జట్టులోకి వచ్చాడు. యూరో 2004లో 7 నంబర్ ఫిగోది, 10 రుయి కోస్టాది, పంతొమ్మిదేళ్ల రొనాల్డో వీపు మీద 17.

2006లో బెన్‌ఫికాకి తిరిగొచ్చాక ఏమైనా గెలిచాడా?

గెలవలేదు. మిలాన్ అతన్ని డబ్బు అడక్కుండానే వదిలేసింది, బెన్‌ఫికాలో జీతం బాగా తక్కువ. రెండు సీజన్లలోనూ లీగ్ పోర్టోదే. అయినా 2007 ఆగస్టులో చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో కోపెన్‌హాగన్ మీద 2–1తో గెలిస్తే ఆ రెండు గోల్సూ ఇతనివే, ముప్పై అయిదేళ్ల వయసులో. తర్వాత గ్రూపు దశలో బెన్‌ఫికా ఉన్న గ్రూపులోనే మిలాన్ కూడా పడింది. శాన్ సిరోలో పాత అభిమానులు చప్పట్లతో పలకరించారు. 2008 మే 11న సెతూబల్ మీద 3–0 గెలుపుతో ఆట ముగించాడు.

ఆట మానేశాక?

విరామం లేదు. వెంటనే బెన్‌ఫికాలోనే ఫుట్‌బాల్ డైరెక్టర్. మొదటి వేసవిలో తెచ్చినవాళ్లలో అర్జెంటీనా ఆటగాడు పాబ్లో ఐమార్ ఒకడు. తను విడిచిన 10 నంబర్ జెర్సీ అతనికే ఇచ్చారు. మంచి ఎంపిక, 2010లో లీగ్ గెలిచిన జట్టులో ఐమార్ ఆట చూస్తే తెలుస్తుంది.

అధ్యక్షుడు ఎలా అయ్యాడు? క్లబ్బు కొనుక్కున్నాడా?

కొనలేదు, ఎన్నికయ్యాడు. బెన్‌ఫికాలో అధ్యక్షుణ్ణి సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు. 2021 జూలైలో అప్పటి అధ్యక్షుడు లూయిష్ ఫిలిపె వియెరాని ఆర్థిక నేరాల దర్యాప్తులో అరెస్టు చేశారు. ఉపాధ్యక్షుడిగా ఉన్న రుయి కోస్టా పగ్గాలు అందుకున్నాడు, అక్టోబర్‌లో 84 శాతం పైగా ఓట్లతో గెలిచాడు. 2022–23లో రోజర్ ష్మిత్ కోచ్‌గా లీగ్ గెలిచారు. అదే సీజన్ నడుమ ఎంజో ఫెర్నాండెజ్‌ని 121 మిలియన్ యూరోలకు చెల్సీకి అమ్మారు.

తర్వాతి కాలం సాఫీగా సాగలేదు. కోచ్‌లు మారారు, ఆటగాడిగా చప్పట్లే విన్న స్టేడియంలో అధ్యక్షుడిగా ఈలలు కూడా విన్నాడు. 2025 సెప్టెంబర్‌లో జోసె మౌరిన్హోని తెచ్చుకుని, ఆ శరదృతువులో జరిగిన ఎన్నికల్లో రెండో విడత ఓటింగ్‌లో గెలిచి పదవి నిలుపుకున్నాడు. నడపడంలో అతను ఎంత నేర్పరి అన్నది లిస్బన్‌లో ఇంకా తెగని వాదన. ఆటలో ఉన్నంత తేటదనం అతని నిర్ణయాల్లో ఉందని నేననుకోను.

ఇప్పుడు చూడాలనుకుంటే ఏ మ్యాచ్‌లు చూడాలి?

యూరో 2000 ఇంగ్లాండ్ మ్యాచ్ పూర్తిగా చూడండి, హైలైట్లు చాలవు. యూరో 2004 క్వార్టర్ ఫైనల్‌లో అతను దిగిన 79వ నిమిషం నుంచి చాలు. ఫియోరెంటినా కాలానివి బాటిస్టుటా గోల్స్ వీడియోలు వెతికితే దొరుకుతాయి. అందులో ప్రతి గోల్‌నీ పది సెకన్లు వెనక్కి జరిపి మొదలుపెట్టండి. చాలాసార్లు బంతి అతని కాళ్ల దగ్గరే ఉంటుంది.